వరంగల్ నుంచి బుగ్యాల్‌కు: హిమాలయ పచ్చికబయలును చదరాలేసి అధ్యయనం చేసే పద్ధతి

కాకతీయ యూనివర్సిటీ పరిధిలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, పర్యావరణ శాస్త్రం చదివేవాళ్లు ప్రాజెక్టు కోసం హిమాలయాలకు వెళ్లాలనుకున్నప్పుడు అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు: అక్కడ ఏం కొలవాలి, ఏ వరుసలో కొలవాలి, ఎన్ని రోజులు పడుతుంది, ఇక్కణ్నుంచి ఏం తయారు చేసుకొని పోవాలి?

ఉదాహరణగా ఉత్తరాఖండ్‌లోని చోప్తా–తుంగనాథ్ ప్రాంతాన్ని తీసుకున్నాం. అక్కడ చెట్లు ఆగిపోయే ఎత్తు సుమారు 3,300 మీటర్లు. ఆ పైన మొదలయ్యే పచ్చికబయలును గఢ్వాల్‌లో బుగ్యాల్ అంటారు. బస్సు, జీపు చోప్తా దాకా, అంటే సుమారు 2,700 మీటర్ల ఎత్తు వరకు వెళ్తాయి. అక్కణ్నుంచి తుంగనాథ్ గుడికి రాళ్లు పరిచిన తొవ్వ దాదాపు మూడున్నర కిలోమీటర్లు. పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి దిగి రావచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం.

ఇరవై రకాల కొలతలు హడావుడిగా తెచ్చిన ప్రాజెక్టు కన్నా, ముప్పై చదరాలు (మొక్కలను కొలవడానికి నేల మీద గుర్తించే మీటరు పొడవు, మీటరు వెడల్పున్న జాగాలు) జాగ్రత్తగా కొలిచి, ఐదేళ్ల తర్వాత ఇంకొకరు వెళ్లి అదే చదరం మీద చట్రం పెట్టగలిగేలా రాసి ఉంచిన ప్రాజెక్టు చాలా విలువైనది. కింద చెప్పిన ప్రతి పనికీ కారణం అదే.

1. ప్రశ్న ఒక్కటే పెట్టుకోండి

"తుంగనాథ్ పచ్చికబయలు పర్యావరణం" అనేది శీర్షికే కానీ ప్రశ్న కాదు. ఆరేడు రోజుల పనికి సరిపోయే ప్రశ్న ఇట్లా ఉండాలి: "జనం నడిచే తొవ్వ నుంచి దూరం పోయేకొద్దీ మొక్కల రకాలు, కప్పు (ఆకులు నేలను కప్పిన భాగం), మట్టి గట్టిదనం ఎట్లా మారుతున్నాయి?"

ఎత్తుతో వచ్చే మార్పును చూడాలని చాలామందికి ఉంటుంది. కానీ ఎత్తు మారితే చలి, మంచు కరిగే తేదీ, మట్టి, మేత అన్నీ కలిసి మారతాయి. తేడా దేనివల్ల వచ్చిందో ముప్పై చదరాలతో చెప్పలేరు. తొవ్వ ప్రశ్నలో అన్ని చదరాలూ ఇంచుమించు ఒకే ఎత్తులో, ఒకే వాలులో ఉంటాయి కాబట్టి తేడా కనబడితే దాన్ని సమర్థించుకోగలరు. ఈ మార్గదర్శిలో లెక్కలన్నీ ఆ ప్రశ్నకే వేశాం.

2. ఎప్పుడు వెళ్లాలి

మే నెలాఖరుకు మంచు కరుగుతుంది, ప్రిములా వంటి తొలి పూలు వస్తాయి. జులై, ఆగస్టుల్లో పచ్చిక పూర్తిగా ఎదుగుతుంది. సెప్టెంబరులో గింజ కట్టి గడ్డి రంగు మారడం మొదలవుతుంది. అక్టోబరు తర్వాత చలి పని చేయనివ్వదు.

పూలుంటేనే మొక్కను గుర్తుపట్టగలం కాబట్టి జులై మంచిదనిపిస్తుంది. కానీ ఆ నెలలో రుద్రప్రయాగ, ఉఖీమఠ్ వైపు కొండచరియలు పడి రోడ్లు మూతపడటం మామూలే. ఆగస్టు చివరి వారంలో మొదలుపెట్టి సెప్టెంబరు మొదటి వారంలో ముగించండి. అప్పటికీ చాలా మొక్కలకు పూలో కాయలో ఉంటాయి. పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి చొప్పున రెండు రోజులు అదనంగా పెట్టుకోండి. తిరుగు టికెట్టును చివరి పనిరోజు మర్నాటికే తీసుకోవద్దు.

3. అనుమతులు: నాలుగు నెలల ముందు

చోప్తా, తుంగనాథ్ బయళ్లు కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోకి వస్తాయి. పర్యాటకుడిగా తొవ్వమీద నడవడం వేరు, తొవ్వ దిగి చదరాలు వేయడం వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 28వ సెక్షన్ కింద పరిశోధనకు అనుమతి ఇచ్చేది రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. ఆకు తెంపినా, మట్టి తీసినా అది అనుమతి పత్రంలో విడిగా రాసి ఉండాలి.

దరఖాస్తుకు జతచేయాల్సినవి:

- విభాగాధిపతి సంతకంతో లేఖ
- రెండు పేజీల పని వివరం: ఎన్ని చదరాలు, ఎంత సైజు, ఎన్ని రోజులు
- తీసే మట్టి ఎన్ని గ్రాములో, మొక్కలు ఏమైనా తీస్తారో లేదో
- వచ్చేవాళ్ల పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్లు
- పని చేసే చోటును గుర్తుపెట్టిన మ్యాపు

"అవసరమైన నమూనాలు" అని గుండుగుత్తగా రాస్తే దరఖాస్తు ఆగిపోతుంది. "30 చదరాల పక్కన, ఒక్కోచోట 200 గ్రాముల మట్టి, మొత్తం 6 కిలోలు" అని రాయండి.

బుగ్యాళ్లలో రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో నిషేధించింది. టెంటు ఆలోచన వదిలి చోప్తాలో గది తీసుకోండి. ఆరోగ్యానికి కూడా అదే మంచిదని ఆరో భాగంలో తెలుస్తుంది.

శ్రీనగర్ గఢ్వాల్‌లోని హేమవతీ నందన్ బహుగుణ గఢ్వాల్ యూనివర్సిటీకి ఎత్తైన ప్రాంతాల మొక్కల మీద ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది, తుంగనాథ్‌లో దాని క్షేత్ర కేంద్రం కూడా ఉంది. దరఖాస్తు వేసేటప్పుడే వాళ్లకూ ఒక లేఖ రాయండి. ఏ మొక్క ఏదో తేల్చుకోవడంలో వాళ్ల సాయం చాలా విలువైనది.

4. చట్రం తయారీ

ఇట్లా కొలిచే చదరాన్ని క్వాడ్రాట్ అంటారు. మన పనికి అది మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండాలి. దాన్ని గుర్తించడానికి చట్రం కావాలి. హన్మకొండలో ఏ ప్లంబింగ్ దుకాణంలోనైనా దొరికే అర అంగుళం పీవీసీ పైపు చాలు.

1. పైపును సుమారు అర మీటరు ముక్కలుగా ఎనిమిది కోయించండి. మీటరు ముక్కలు రైలు ప్రయాణంలో, జీపులో ఇబ్బంది.
2. నాలుగు మూలలకు ఎల్బోలు, నాలుగు పక్కల మధ్యలో జాయింట్లు పెట్టండి. గమ్ వేయొద్దు, విప్పి సర్దుకోవాలి.
3. బిగించాక లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవండి. సరిగ్గా 100 సెంటీమీటర్లు రావాలి. ఎల్బోలు, జాయింట్ల వల్ల లోపలి కొలత మారుతుంది కాబట్టి పైపును బిగించి చూసి మళ్లీ కోయాల్సి వస్తుంది.
4. మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ 141.4 సెంటీమీటర్లు ఉంటేనే చదరం. తేడా వస్తే చట్రం పక్కకు వాలినట్టు.
5. ప్రతి 10 సెంటీమీటర్లకు పర్మనెంట్ మార్కర్‌తో గీత పెట్టి, అక్కడ కట్టుకోవడానికి నైలాన్ దారాలు సిద్ధం చేసుకోండి. దారాలు కడితే వంద చిన్న గళ్లు వస్తాయి. ఒక్కో గడి సరిగ్గా ఒక శాతం.

ఒక మూల ఎల్బో వదులుగా ఉండాలి. పొడుగు మొక్కలున్నచోట చట్రాన్ని పైనుంచి అదిమితే కాడలు విరుగుతాయి. ఒక పక్క విప్పి, మొక్కల మొదళ్ల మధ్యనుంచి జరిపి, తర్వాత బిగించాలి.

మిగతా సామాను:

- 50 మీటర్ల టేపు, 30 సెంటీమీటర్ల స్కేలు
- వాలును చూపించే క్లైనోమీటర్, దిక్సూచి
- జీపీఎస్ లేదా ఆఫ్‌లైన్ మ్యాపులున్న ఫోను
- 10 రెట్లు పెద్దగా చూపే చేతి లెన్స్
- 2బీ పెన్సిళ్లు ఆరు (తడిలో బాల్‌పెన్ రాయదు), రాసే అట్ట, దాన్ని మొత్తం కప్పే పెద్ద పాలిథీన్ కవరు
- ఫొటోలో పెట్టడానికి చిన్న పలక, సుద్ద
- 0.1 గ్రాము దాకా చూపే జేబు తూనిక, జిప్ కవర్లు 70
- మోకాళ్ల కింద వేసుకోవడానికి ఫోమ్ ముక్క
- 6 మిల్లీమీటర్ల మందం, అర మీటరు పొడవు, ఒక కొన సాన పెట్టిన ఇనుప చువ్వ. అది జారేంత వెడల్పున్న మీటరు పైపు

బయల్దేరే ముందు చట్రం, బూట్లు, సంచులు బ్రష్షుతో దులిపి కడగండి. మన చెల్కల్లో తిరిగిన బూట్లకు వయ్యారిభామ గింజలు, గడ్డి గింజలు అంటుకొని ఉంటాయి. బుగ్యాల్ దాకా కాకపోయినా దారిలోని లోయల్లో అవి మొలుస్తాయి.

5. వరంగల్‌లోనే రిహార్సల్

ఈ అంచెను దాటేసినవాళ్లే పైన రెండు రోజులు పోగొట్టుకుంటారు. జులైలో వానలు పడ్డాక క్యాంపస్ మైదానంలోనో చెరువు కట్ట పక్కనో పది చదరాలు పూర్తిగా చేయండి. గరిక, తుంగ, పల్లేరు, తుమ్మి, నేల ఉసిరి, రెడ్డివారి నానబాలు: ఇవన్నీ ఒకే చదరంలో దొరుకుతాయి. నేలబారు మొక్కలు ఒకదానిలో ఒకటి అల్లుకున్నప్పుడు ఎంత కష్టమో ఇక్కడే తెలుస్తుంది.

కప్పును అంచనా వేయడమే అసలు సాధన. కప్పు అంటే పైనుంచి నిటారుగా చూసినప్పుడు ఒక మొక్క జాతి ఆకులు ఆక్రమించిన భాగం. మీటరు చదరంలో 10 సెంటీమీటర్లు పొడవు, 10 సెంటీమీటర్లు వెడల్పున్న జాగా ఒక శాతం. వేళ్లు వదిలేసి మీ అరచేయి ఎంతుందో గళ్ల కాగితం మీద గీసి చూసుకోండి. ఆ కొలత ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది.

సాధన ఇట్లా చేయండి:

1. ఇద్దరూ ఒకరిది ఒకరికి కనబడకుండా అంకెలు రాయాలి.
2. తర్వాత దారాలు కట్టి గళ్లు లెక్కపెట్టాలి.
3. అంచనాకూ లెక్కకూ తేడా 10 శాతానికి మించితే ఆ జాతిని మళ్లీ చూడాలి.
4. తేడా ఎప్పుడూ ఒకే వైపు వస్తుంటే, అంటే ఒకరు ప్రతిసారీ ఎక్కువ చెబుతుంటే, ఆ అలవాటు పోయేదాకా ఆపొద్దు.

సన్నటి గడ్డి ఆకులను అందరూ తక్కువగా, వెడల్పాటి ఆకులను, రంగు పూలను అందరూ ఎక్కువగా రాస్తారు. కన్ను రంగు వైపు పోతుంది. అందుకే ముందు గడ్డి, తర్వాత మిగతావి రాయండి.

వాలులో పని అలవాటు కావడానికి పద్మాక్షి గుట్ట మీదో గోవిందరాజుల గుట్ట మీదో రెండు చదరాలు వేయండి. చట్రం జారిపోవడం, పైనున్నవాళ్ల కాళ్ల కింది రాళ్లు దొర్లడం అక్కడే అర్థమవుతుంది. ఏడెనిమిది కిలోల సంచితో వారానికి మూడుసార్లు గుట్ట ఎక్కడం నెలన్నర ముందే మొదలుపెట్టండి.

రిహార్సల్ చివర్లో గడియారం చూడండి. ఒక చదరం 40 నిమిషాల్లో పూర్తయితేనే బయల్దేరండి.

6. ఒంటిని ఎత్తుకు అలవాటు చేయడం

వరంగల్ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 270 మీటర్లు. 3,400 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టం దగ్గరున్న దానిలో దాదాపు మూడింట రెండు వంతులే. ప్రతి వంద మీటర్లకు 0.6 డిగ్రీల చొప్పున వేసుకున్నా మన ఊరి కన్నా 19 డిగ్రీలు చల్లగా ఉంటుంది. గాలి, వాన దానికి అదనం.

ప్రయాణం ఇట్లా విడగొట్టండి: కాజీపేట నుంచి ఢిల్లీకి రైలు, ఢిల్లీ నుంచి రిషికేశ్, మర్నాడు ఉఖీమఠ్‌లో, అంటే సుమారు 1,300 మీటర్ల ఎత్తులో నిద్ర, ఆ మర్నాడు చోప్తాలో నిద్ర. చోప్తాలో మొదటి పూట చట్రం తీయొద్దు. ఖాళీ చేతులతో చెట్ల అంచు దాకా నడిచి దిగి రండి. ప్రతి రోజూ పైకెక్కి పని చేసి, కిందికి దిగి 2,700 మీటర్ల దగ్గర పడుకోవడం ఈ చోటుకున్న పెద్ద సౌలభ్యం.

తలనొప్పితో పాటు వికారం, తూలడం, అసాధారణమైన అలసట వస్తే అది ఎత్తు జబ్బు. ఆ రోజు ఇంకా పైకి ఎక్కొద్దు. తగ్గకపోతే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, మాట తడబడటం, గీత మీద నడిచినట్టు నడవలేకపోవడం ప్రాణాపాయ సూచనలు. రాత్రయినా సరే వెంటనే కిందికి దించి ఆసుపత్రికి చేర్చాలి. గుట్టలు బాగా ఎక్కగలిగే కుర్రవాళ్లకూ ఇది వస్తుంది. దమ్ము వేరు, ఎత్తు వేరు. బీపీ, ఆస్తమా, గుండె సమస్య ఉన్నవాళ్లు బయల్దేరకముందే డాక్టరును కలవాలి. ఎత్తు జబ్బు మాత్రల గురించి కూడా ఆయన్నే అడగాలి.

జీన్సు, కాటన్ బనియన్లు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. సింథటిక్ లోపొర, ఉన్ని లేదా ఫ్లీస్, పైన వాన కోటు: ఈ మూడూ తప్పనిసరి. పైన ఆకలి మందగిస్తుంది కాబట్టి పల్లీపట్టీ, ఖర్జూరం, అటుకుల వంటివి జేబులో ఉంచి కొంచెం కొంచెంగా తినండి. సకినాలు పాడవవు, బరువుండవు. సంచిలో పొడి కాకుండా డబ్బాలో పెట్టుకోండి.

ఉరుము వినబడితే మెరుపుకూ దానికీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. 30 లోపు ఉంటే గట్టు మీదినుంచి వెంటనే దిగాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ ఎక్కాలి.

7. గీతలు వేయడం

గీత అంటే తొవ్వ అంచు నుంచి పక్కకు టేపు పరిచి చదరాలు వేసే వరుస. ఆరు గీతలు, ఒక్కో గీత మీద ఐదు చదరాలు, మొత్తం ముప్పై. రోజుకో గీత చొప్పున ఆరు రోజులు. ఏడో రోజు వాన కోసం ఖాళీ.

1. 3,350 నుంచి 3,450 మీటర్ల మధ్య తొవ్వ పొడవునా కనీసం 30 మీటర్ల ఎడంతో గీతలు మొదలయ్యే ఆరు చోట్లు ఎంచుకోండి. చోటును కంటితో చూసి ఎంచొద్దు. వరంగల్‌లోనే చీటీలు తీసి దూరాలు రాసుకొని పోండి.
2. గీత తొవ్వకు అడ్డంగా, కొండవాలును ఎక్కకుండా దిగకుండా పక్కకు సాగాలి.
3. తొవ్వ అంచు నుంచి 1, 5, 10, 25, 50 మీటర్ల దగ్గర చదరం దిగువ ఎడమ మూల రావాలి. ఎప్పుడూ అదే మూల.
4. అక్కడ బండరాయో వాగో వస్తే ఏం చేయాలో ముందే రాసుకోండి: "సగానికి మించి బండ ఉంటే గీత మీదే ఇంకో 2 మీటర్లు ముందుకు." అక్కడికక్కడ ఆలోచిస్తే తెలియకుండానే పూలున్న చోటికి జరుపుతారు.

చట్రాన్ని వెనక్కి తిరిగి విసిరి, పడ్డచోట కొలవడం కొన్ని ప్రాక్టికల్స్‌లో ఇంకా నడుస్తోంది. విసిరేవాడు వాలు వైపో, సులువుగా నడవగలిగే వైపో విసురుతాడు. అది యాదృచ్ఛికం కాదు.

వాలు 30 డిగ్రీలుంటే నేల వెంట కొలిచిన మీటరు మ్యాపు మీద 0.87 మీటరే. నేల వెంట కొలిచామా, అడ్డంగా కొలిచామా అన్నది మొదటి పేజీలోనే రాయండి.

చేతి జీపీఎస్ తప్పు మూడు నుంచి ఐదు మీటర్లు. మీటరు చదరాన్ని దాంతో మళ్లీ కనిపెట్టలేరు. అందుకే ప్రతి చదరానికి ఈ నాలుగూ కావాలి: జీపీఎస్ అంకె, కదలని పెద్ద బండలు రెండింటి నుంచి దిక్సూచి డిగ్రీలూ టేపు దూరమూ, బండా చట్రమూ రెండూ కనబడే ఫొటో, తొవ్వ అంచు నుంచి దూరం. మేకులు దించడం అనుమతిలో ఉంటేనే.

8. ఒక్కో చదరంలో పని వరుస

ఈ వరుసను మార్చొద్దు. ఎక్కువ కదిలించే పని ముందు చేస్తే తర్వాతి కొలతలు చెడిపోతాయి, కాబట్టి తక్కువ కదిలించే పని ముందుండాలి.

1. పురుగులు. చదరానికి రెండు మీటర్ల దూరంలో కూర్చొని పది నిమిషాలు పూల మీద వాలే తుమ్మెదలు, ఈగలు, సీతాకోకచిలుకలు, ఇతరాలు విడివిడిగా లెక్కపెట్టండి. ఎండ ఉండి గాలి తక్కువగా ఉన్నప్పుడే. పొగమంచు కమ్మితే సున్నా రాయొద్దు, "చూడలేదు" అని రాయండి. ఈ రెంటి తేడా తెలియక ఎన్నో ప్రాజెక్టుల్లో లెక్కలు తప్పుతున్నాయి.
2. చట్రం, ఫొటో. పలక మీద గీత, చదరం అంకెలు, తేదీ రాసి అంచున పెట్టి, పైనుంచి నిటారుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. మనిషి నీడ చదరం మీద పడొద్దు. సగం ఎండ, సగం నీడ ఉంటే గొడుగు పట్టి మొత్తం నీడ చేయండి.
3. నేల పొర. ఖాళీ మట్టి, రాయి, ఎండుటాకు, నాచు, బతికున్న మొక్కల మొదళ్లు. ఇవి కలిపితే సరిగ్గా 100 రావాలి.
4. జాతుల వారీ కప్పు. ఆకులు పొరలు పొరలుగా ఉంటాయి కాబట్టి ఈ మొత్తం 100 దాటొచ్చు. అది తప్పు కాదు, 100కు సరిపెట్టడమే తప్పు.
5. లెక్క. విడివిడిగా నిలిచే మొక్కలను మాత్రమే. దుబ్బులు కట్టే గడ్డి, వేళ్లతో పాకే మొక్కల్లో ఒక మొక్క ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో పైనుంచి తెలియదు. వాటికి కప్పు చాలు.
6. ఎత్తు. నాలుగు మూలలు, మధ్య. పూకాడను కాకుండా ఆకు కొసను కొలవండి.
7. వాలు, దిక్కు.
8. మట్టి గట్టిదనం, మట్టి నమూనా. రెండూ చదరం బయట, అంచు నుంచి 20 సెంటీమీటర్ల అవతల.

ఎప్పుడూ దిగువ వైపే మోకాళ్లూనండి. చదరం లోపల చేయి కూడా ఆనించొద్దు. మొదటి రోజు 1 నుంచి 50 మీటర్ల వైపు పోతే, రెండో రోజు 50 నుంచి 1 వైపు రండి. లేకపోతే అలసిపోయాక చేసిన చదరాలన్నీ దూరంవే అవుతాయి.

9. గడ్డినీ తుంగనూ విడదీయడం

బుగ్యాల్‌లో డాంథోనియా వంటి గడ్డి జాతులు, కోబ్రీసియా, కేరెక్స్ వంటి తుంగ కుటుంబం మొక్కలు కలిసిపోయి ఉంటాయి. దూరం నుంచి అన్నీ గడ్డే. మన పొలాల్లో తుంగను చేత్తో పీకినవాళ్లకు ఇక్కడ సగం పని తేలిక.

- కాడను వేళ్ల మధ్య దొర్లించండి. తుంగ కుటుంబంలో చాలావాటికి మూడు అంచులు తగులుతాయి, కణుపులు కనబడవు. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది.
- ఆకు మొదలు చూడండి. తుంగలో కాడను చుట్టిన తొడుగు మూసుకొని గొట్టంలా ఉంటుంది. గడ్డిలో సాధారణంగా ఒక పక్క తెరుచుకొని ఉంటుంది.
- ఆకుల వరుస: తుంగలో మూడు వైపులకు, గడ్డిలో రెండు వైపులకు.

కాడ ఒక్కటే చూసి నిర్ణయించొద్దు, మూడూ కలిపి చూడండి.

పేరు తెలియనిదానికి "గడ్డి-3", "పసుపు పువ్వు-2" వంటి గుర్తు ఇచ్చి, పువ్వు, ఆకు ముందూ వెనకా, మొదలు ఫొటోలు తీయండి. ఆ గుర్తు ఆరు రోజులూ మారకూడదు. ఊహించి పేరు రాయడం కన్నా గుర్తు రాయడం నిజాయితీ. డెహ్రాడూన్‌లోని బొటానికల్ సర్వే కేంద్రం హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) తర్వాత పోల్చుకోవచ్చు.

వత్సనాభి జాతి మొక్కలు చాలా విషపూరితం, రుచి చూడటం, నలపడం వద్దు. కుట్కి, జటామాంసి, చేతి ఆకారపు దుంపలుండే ఆర్కిడ్ వంటివి మందుల కోసం తవ్వి తవ్వి తగ్గిపోయాయి. వీటి ఫొటో చాలు. దొరికిన చోటు జీపీఎస్ అంకెలను సోషల్ మీడియాలో పెట్టొద్దు, తవ్వేవాళ్లకు దారి చూపినట్టే.

మంద ఆగే చోట్ల, పాత గుడిసెల చుట్టూ వెడల్పాటి ఆకుల రూమెక్స్ నేపాలెన్సిస్ గుంపులుగా కనిపిస్తుంది. పేడ, మూత్రంతో నేలలో పోషకాలు పేరుకున్నాయనడానికి అది గుర్తు. ఏదైనా చదరంలో అది ఎక్కువగా ఉంటే, ఆ మార్పు తొక్కిడి వల్ల కాక మంద వల్ల కావచ్చు. పక్కన రాసి ఉంచండి. కాపరులను పలకరించి, మంద ఏ నెలలో ఎక్కడ ఆగుతుందో అడిగితే ఏ పరికరమూ చెప్పని సంగతి తెలుస్తుంది.

10. మట్టి

గట్టిదనానికి: మీటరు పైపును నిటారుగా నిలిపి, పైనుంచి చువ్వను వదలండి. నేలలో ఎంత లోతు దిగిందో కొలవండి. చదరం చుట్టూ ఐదుచోట్ల చేసి సగటు తీయండి. రాయి తగిలితే ఆ దెబ్బ కొట్టేసి పక్కన మళ్లీ. తడి నేలలో చువ్వ లోతుగా దిగుతుంది కాబట్టి తేమ లేకుండా ఈ అంకెకు అర్థం లేదు.

తేమకు: ఐదుచోట్ల 0 నుంచి 10 సెంటీమీటర్ల లోతు దాకా కొంచెం కొంచెం తీసి కలపండి. 200 గ్రాములు చాలు. పైన తీసిన పచ్చిక ముక్కను అదే చోట తిరిగి పెట్టి అరచేత్తో నొక్కండి. ముందే తూచిన కవరులో వేసి, దాన్ని ఇంకో కవరులో వేసి, ఆ రాత్రే తూచాలి. వరంగల్ చేరాక ల్యాబ్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచాలి. తడి బరువులోంచి పొడి బరువు తీసేసి, పొడి బరువుతో భాగించి, 100తో హెచ్చవేస్తే తేమ శాతం. వేర్లు ఎక్కువున్న మెత్తటి మట్టిలో ఇది 100 దాటొచ్చు, కంగారు పడొద్దు.

ఒక గీత చదరాలన్నిటి మట్టినీ ఒకే రోజు తీయాలి. మధ్యలో వాన పడితే ముందువీ తర్వాతవీ పోల్చలేరు.

11. అదే రాత్రి చేయాల్సినవి

- కాగితాలన్నీ ఫోనుతో ఫొటో తీసి ఇద్దరి దగ్గరా ఉంచడం
- ఒక్కో వరుసలో ఒక చదరం, ఒక జాతి, ఒక కప్పు చొప్పున షీట్‌లో ఎక్కించడం
- చదవలేని అంకెను జ్ఞాపకం ఉన్నప్పుడే సరిచేయడం
- మట్టి కవర్లు తూచడం
- బ్యాటరీలను, పవర్‌బ్యాంకును దుప్పటి లోపల పెట్టుకొని పడుకోవడం, చలికి ఛార్జి పడిపోతుంది

వరంగల్ వెళ్లాక ఎక్కిద్దామనుకుంటే "పసుపు పువ్వు-2", "పసుపు పువ్వు-4" ఒకటేనా అన్నది ఎప్పటికీ తేలదు.

12. తరచూ జరిగే తప్పులు, సవరణలు

మూడో రోజు నుంచి జాతుల సంఖ్య పెరుగుతూ పోవడం. బయలు మారలేదు, మీ కన్ను పదునెక్కింది. మొదటి రోజు చేసిన ఐదు చదరాల్లో రెండింటిని ఏడో రోజు మళ్లీ చేసి తేడా రాయండి. రెండూ ఉంచండి, పాతదాన్ని చెరపొద్దు.

దిక్కు సగటు తప్పడం. 350 డిగ్రీలు, 10 డిగ్రీలు రెండూ ఉత్తరమే. మామూలుగా సగటు తీస్తే 180, అంటే దక్షిణం వస్తుంది. సైన్, కొసైన్‌లుగా మార్చి సగటు తీయాలి.

ఎత్తు అంకెలు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. గాలి పీడనంతో ఎత్తు చూపే పరికరం వాతావరణంతో పాటు మారుతుంది. రోజూ ఎక్కేటప్పుడు ఒకే గుర్తు దగ్గర సరిచేసుకోండి.

వాన వల్ల గీత మధ్యలో ఆగిపోవడం. మర్నాడు అదే గీతను పూర్తి చేయండి, కొత్తది మొదలుపెట్టొద్దు. ఐదు పూర్తి గీతలు ఆరు సగం గీతల కన్నా మేలు. మట్టి మాత్రం ఐదు చదరాల దగ్గరా మళ్లీ తీయాలి, అందుకే కవర్లు ఎక్కువ తెచ్చుకోమన్నాం. అనుమతిలో రాసిన మొత్తం 6 కిలోలు దాటకుండా చూసుకోండి.

ఇద్దరి అంచనాలకు సగటు వేసి ఒకే అంకె రాయడం. విడివిడిగా రాయండి. ఆ తేడానే మీ కొలత ఎంత నమ్మదగిందో చెప్పే ఆధారం.

13. లెక్కలు

జాతుల వైవిధ్యానికి షానన్ సూచీ వాడతారు. ప్రతి జాతి వాటాను (మొత్తం కప్పులో దాని భాగాన్ని) ఆ వాటా సహజ లాగరిథమ్‌తో హెచ్చవేసి, అన్నీ కూడి, గుర్తు మార్చాలి. ఒక చదరంలో మూడు జాతుల వాటాలు 0.5, 0.3, 0.2 అయితే సూచీ 1.03. దాన్ని జాతుల సంఖ్య లాగరిథమ్‌తో, అంటే మూడింటికి 1.10తో, భాగిస్తే సమానత, అంటే జాతుల వాటాలు ఎంత సమానంగా ఉన్నాయో చెప్పే అంకె, 0.94. ఈ ఉదాహరణను ముందు చేత్తో చేసి, తర్వాత కంప్యూటరుకు ఇవ్వండి.

సూచీ ఒక్కటే చూసి తీర్పు ఇవ్వొద్దు. తొవ్వ పక్కన తొక్కుడుకు ఓర్చుకునే మొక్కలు, కలుపు చేరి, జాతుల సంఖ్య దూరపు చదరాల కన్నా ఎక్కువ కనబడొచ్చు. ఏ జాతులు వచ్చాయి, ఏవి పోయాయి అన్న పట్టిక సూచీ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఒకే గీత మీది ఐదు చదరాలు పూర్తిగా స్వతంత్రమైనవి కావు. గ్రాఫులో ముప్పై చుక్కలు పెట్టి వాటన్నిటికీ ఒకే రేఖ గీసేస్తే ఫలితం ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో గీతను విడి అంశంగా చూపే మిశ్రమ నమూనా (మిక్స్‌డ్ మోడల్ అనే గణాంక పద్ధతి) వాడండి. అది రాకపోతే ఒక్కో గీతకు విడిగా గ్రాఫు గీసి, ఆరింటిలో ఎన్ని ఒకే వైపు వాలాయో చెప్పండి. ఆ మాట సరళమైనదే అయినా తప్పు కాదు.

14. తర్వాత వెళ్లేవాళ్లకు ఇవ్వాల్సిన కట్ట

రిపోర్టు సమర్పించిన రోజే విభాగంలో ఒక కాపీ, అటవీ శాఖకు ఒక కాపీ పెట్టాల్సినవి:

- ముప్పై చదరాల చోటు వివరాలు, బండల ఫొటోలతో
- క్షేత్రంలో రాసిన అసలు కాగితాల స్కాన్లు
- సవరించని షీటు, సవరించిన షీటు, రెంటికీ తేడా ఏమిటో ఒక పేజీ
- "గడ్డి-3" వంటి గుర్తుల జాబితా, వాటి ఫొటోలు, తర్వాత తేలిన పేర్లు
- చట్రం లోపలి కొలత, చువ్వ బరువు, మందం, వదిలిన ఎత్తు
- కప్పు అంచనా వేసింది ఎవరు, ఏ చదరంలో ఎవరి అంకె
- చేయలేకపోయిన చదరాలు, కారణాలు

చువ్వను పారేయకుండా పేరు రాసి ల్యాబ్‌లో ఉంచండి. ఇంకో బరువున్న చువ్వతో తీసిన లోతులు మీ లోతులతో పోల్చడానికి పనికిరావు.